మెయిన్ స్విచ్ మిగిల్చిన ముక్క

ఉప్పల్ మెట్రో మెట్లు దిగితే ఎదురుగా మిఠాయి దుకాణం, దాని పై అంతస్తులో డిటెక్టివ్ శ్యామలాదేవి ఆఫీసు. కింద జిలేబీ వాసన, పైన జనం కష్టాలు. ఆ శుక్రవారం ఉదయం తలుపు తోసుకుని వచ్చిన అమ్మాయి, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“నా పేరు రోజీ, మేడమ్. నాచారంల పెండ్లిపత్రికల ప్రెస్సుల డిజైనర్ని. నేను గీసిన కార్డులు మా షాపుల కంటె ముందుగాల పీర్జాదిగూడల ఇంకో షాపుల కనబడుతున్నయ్. నేనే అమ్ముకుంటున్న అంటుండు మా ఓనర్ హెన్రీ అంకుల్. రేపు సాయంత్రందాక టైమిచ్చిండు, తర్వాత పోలీస్ కంప్లెయింటంట. మాదీ ఆయనదీ ఒకటే చర్చి మేడమ్, గీ మాట అప్పుడే ఆడ అందరికి తెలిసిపోయింది. ఆదివారం మా అమ్మ పాటల గుంపుల ముందు వరుసల నిలబడతది. ఆమె తల ఎట్ల ఎత్తాలె?”

“గీసినవన్నీ బయటికి పోయాయా?” అని అడిగింది శ్యామలాదేవి. కాకినాడ వదిలి ఏళ్లయినా ఆమె మాట మాత్రం అక్కడిదే.

“అన్నీ. ఒకటైతే గుర్రపుబండి బొమ్మ. నచ్చక సేవ్ గూడ జెయ్యకుంట కొట్టేసిన. ప్రింటు తియ్యలే, ఎవ్వరికీ సూపియ్యలే. గా బొమ్మ గూడ ఆ షాపు అద్దాల బీరువల ఉన్నది! నీ బుర్రల తప్ప యాడ లేనిది ఆడికెట్ల పోయింది అంటడు అంకుల్.”

మూల కూర్చున్న సహాయకుడు నతానియేలు పెన్ను పక్కన పెట్టేశాడు. ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఈ పిల్ల మీద ఇంకేముంటుంది? శ్యామలాదేవి మాత్రం హాయిగా టీ తాగింది.

“ఆ గుర్రపుబండే నిన్ను గట్టెక్కిస్తుందమ్మా. లేని ఫైలును ఎవరూ కాపీ చెయ్యలేరు. నువ్వు గీస్తుంటే ఎవరో స్క్రీన్ చూస్తున్నారు. నీ ఫోన్ నా సొరుగులో పెట్టు. సాయంత్రం దాకా ఇక్కడే కూర్చో, జిలేబీ తెప్పించుకో.”

నాచారం ప్రెస్సులో హెన్రీ మొహం గంటుపెట్టుకునే ఎదురొచ్చాడు. కౌంటర్‌లో ఆర్డర్లు రాసుకునే కామరాజు మాత్రం గ్లాసులతో మంచినీళ్లు తెచ్చి, “ఆ పిల్ల నా బిడ్డసొంటిది మేడమ్, జర దయ సూడున్రి” అన్నాడు. కంప్యూటర్ సర్వీసు చేసే హృషికేశ్‌ను కూడా పిలిపించారు.

శ్యామలాదేవి రోజీ కంప్యూటర్ ముందు కూర్చుని ఒక ఫోల్డర్ తెరిచింది. “ఇదేంటి?”

“లాక్‌డౌన్ అప్పటి రిమోట్ సాఫ్ట్‌వేర్ మేడమ్, ఎక్కడి నుంచైనా ఈ స్క్రీన్ చూడొచ్చు,” అన్నాడు హృషికేశ్. “రోజీ ఇంటి నుంచి పని చేసేది. కస్టమర్లకు డిజైన్లు చూపియ్యడానికి షాపు వాళ్ల ఫోన్లలో కూడా వేసిచ్చిన. తర్వాత ఇక్కడ అన్‌ఇన్‌స్టాల్ కొట్టేసిన. లిస్టులో పేరు కూడ లేదు. ఆ ఫోల్డర్ ఖాళీ డబ్బా.”

“ఖాళీ డబ్బాలో ఫైలు ఈ ఉదయమే మారిందే! అన్‌ఇన్‌స్టాల్ పూర్తయ్యేదాకా ఉన్నావా?”

హృషికేశ్ మెడ గోక్కున్నాడు. “బస్సు పోతదని... నడుస్తుండంగనే పోయిన. మర్నాడు పొద్దున ఫోన్ల అడిగితే ఐకాన్ లేదన్నరు.”

“షాపు ఎలా మూస్తారు హెన్రీ గారూ?”

“అంతా కాయితం కదా మేడమ్, షార్ట్ సర్క్యూట్ అయితదని భయం. షట్టర్ దించే ముందర మెయిన్ స్విచ్ కొట్టేస్తం. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో సచ్చింది. ఆ పని కామరాజే జేస్తడు.”

శ్యామలాదేవి తల ఊపి ఇంటర్నెట్ కేబుల్ పీకింది. కాసేపటికి ఎక్కడో టింగుమంది. మళ్లీ పెట్టింది. మళ్లీ టింగు.

“రీచార్జి మెసేజులు మేడమ్, పానం తీస్తయ్,” అంటూ కామరాజు ఫోన్ జేబులోకి తోసేశాడు.

“రోజీ పాత బొమ్మలు తెరిచి చూడాలి, మీరంతా కౌంటర్ దగ్గరుండండి,” అని శ్యామలాదేవి వాళ్లను పంపింది. “నతానియేలూ, వాళ్లకు కనబడకుండా ఒక బొమ్మ గియ్యి. సేవ్ చెయ్యకు.”

బొమ్మలు రాని నతానియేలు పడవలో పెళ్లికొడుకూ పెళ్లికూతురూ అంటూ ఏదో గీశాడు. అవి రెండు వంకాయలు అనుకున్నా తప్పులేదు. కాసేపు ఉంచి కొట్టేశాడు.

శనివారం సాయంత్రం అందరూ ప్రెస్సులో చేరారు. గోడకు ఆనుకుని నిలబడిన రోజీ ఎవరి వంకా చూడలేదు. శ్యామలాదేవి బల్ల మీద ఒక నమూనా కార్డు పెట్టింది. పడవలో పెళ్లిజంట. గీత సాపు చేశారు గానీ, ఆ వంకాయ మొహాలు నతానియేలువే.

“పొద్దున పీర్జాదిగూడలో ఇదే నాకు అమ్మజూపారు. గీసినప్పుడు రోజీ ఉప్పల్లో నా ఆఫీసులో ఉంది, ఆమె ఫోన్ నా సొరుగులో ఉంది. హెన్రీ గారూ, ఈ పిల్లకు దొంగతనంతో సంబంధం లేదు.”

హెన్రీ కార్డు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. శ్యామలాదేవి ఆగలేదు.

“తప్పు మొదలైంది మీ స్విచ్ దగ్గర. అన్‌ఇన్‌స్టాల్ సగంలో ఉండగా కరెంటు పోయింది. ఐకాన్ పోయింది, పేరు పోయింది. వెనకాల నడిచే ముక్క మాత్రం మిగిలింది. మర్నాడు కంప్యూటర్ పెట్టగానే అదీ లేచింది. ఆ సంగతి ఒక్కరికే తెలిసింది, ఎందుకంటే కంప్యూటర్ నెట్‌కు తగిలినా, తెగినా టింగుమనే ఆ యాప్‌ను తియ్యని ఆ ఒక్కరి ఫోన్ ఎప్పటిలాగే మోగింది.” ఆమె కేబుల్ పీకింది.

టింగు.

ఈసారి అందరూ మోగిన జేబు వైపు తిరిగారు. కామరాజు చెయ్యి జేబు మీదే ఉండిపోయింది.

“నిన్న కూడా అంతే మోగింది కామరాజు గారూ. పీకినప్పుడొకసారి, పెట్టినప్పుడొకసారి. రీచార్జి కంపెనీకి ఈ కేబుల్‌తో ఏం పని?”

“పీర్జాదిగూడది మా తమ్ముని షాపు మేడమ్,” అన్నాడు కామరాజు. “కొత్తగ పెట్టిండు, నడుస్తలేదు. స్విచ్ రోజు లెక్కనే కొట్టిన, కావాలని కాదు. మర్నాడు పొద్దున ఫోన్ల స్క్రీన్ కనబడ్డది. ఒక్కసారే అనుకున్న...”

“బిడ్డసొంటిది అన్నవ్ గద మామా!” రోజీ గోడ దగ్గర్నుంచి ముందుకొచ్చింది. “నన్ను దొంగ అంటుంటే పక్కన నిలబడి మంచినీళ్లిచ్చినవ్!”

కామరాజు జేబులో చెయ్యి పెట్టాడు. ఫోన్ బల్ల మీద పెట్టి తల దించుకున్నాడు.

హృషికేశ్ సిగ్గుపడుతూనే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. వెనకాల నడుస్తున్న సర్వీసును ఆపి తీసేశాడు, స్టార్టప్‌లో దాక్కున్న పనిని చెరిపాడు, మిగిలిన ఫోల్డర్లనూ, రిజిస్ట్రీలో దాని పేరునూ వెతికి తుడిచాడు, పాత పాస్‌వర్డ్ మార్చాడు. శ్యామలాదేవి ఒక్కో మెట్టూ దగ్గరుండి చూసింది. చివరికి రీస్టార్ట్ చేశారు. అందరి కళ్లూ బల్ల మీది ఫోన్ మీదే. కంప్యూటర్ పూర్తిగా లేచింది. ఫోన్ మోగలేదు.

“నన్ను మాఫ్ జెయ్యి బిడ్డా,” అన్నాడు హెన్రీ.

“రేపు చర్చిల, మా అమ్మ ముందర, అందరు ఇనంగ చెప్పున్రి అంకుల్. గక్కడనే నా పేరు పోయింది.”

“చెప్త. తప్పకుంట చెప్త.”

చీకటి పడింది. హెన్రీ షట్టర్ సగం దించి, కామరాజు చేసే పని తనే చెయ్యబోతూ మెయిన్ స్విచ్ మీద చెయ్యేసి ఆగిపోయాడు. వెనక్కి తిరిగాడు.

“రోజీ, బంద్ జెయ్యాల్నా?”

“ఆగున్రి అంకుల్,” అంది ఆమె, తన కుర్చీలో కూర్చుంటూ. “నేను చెప్త.”