తుపాకీ మడమ కింద పేరు

శనివారం ఉదయం తెక్లా మామూలుగానే కప్పులో సగం వరకే కాఫీ పోసి మైరన్ ముందు పెట్టింది. ఎందుకని అతడు అడగలేదు, ఆమె చెప్పలేదు. నిండా పోస్తే మిగతా సగం బల్ల మీదికే పోతుందని ఇద్దరికీ తెలుసు. మైరన్ కప్పును రెండు చేతులతో పట్టుకుని, కిటికీలోంచి వాన చూస్తున్నవాడిలా అటు తిరిగి తాగాడు. కుడిచెయ్యి వణకడం మొదలై రెండేళ్ళు దాటింది. డాక్టరు దగ్గరికి వెళ్దామని తెక్లా అన్నప్పుడల్లా "చలికి" అని కొట్టిపారేసేవాడు. జులై ఎండల్లో కూడా అది చలికే.

"ఆ టై ఎందుకు? తుపాకుల ప్రదర్శనకి పెళ్ళికొడుకులా పోతావా?" అంది తెక్లా, పెనం మీద బంగాళాదుంప అట్లు తిరగేస్తూ.

"క్లబ్బులో లియో ఫోటో తీయిస్తానన్నాడు. పేపర్లో వేస్తారేమో."

"వేస్తే వెయ్యనీ. ముందు అట్టు తిను. చల్లారితే చెప్పు నమిలినట్టుంటుంది."

గోడవారగా ఉన్న బెంచీ మీద పాత దుప్పటి పరిచి, దాని మీద తుపాకీ పెట్టాడు మైరన్. గొట్టం, మీట, ఇనుప భాగాలన్నీ వాళ్ళ నాన్నవి. చెక్క మాత్రం మైరన్ చేసింది. చర్చి పెరట్లో గాలివానకు పడిన నల్ల అక్రోటు చెట్టు దుంగ ఒకటి తెచ్చి, ఏళ్ళతరబడి అటక మీద ఆరబెట్టి, కూతురు లారిసా చెయ్యి పొడవు, మెడ పొడవు కొలిచి, ఆమె భుజానికి సరిగ్గా అమరేలా చెక్కాడు. ఆ చుట్టుపక్కల బొగ్గుకొండల్లో నవంబరు వస్తే జింకల వేటే పండుగ. లారిసాకు చిన్నప్పటినుంచీ ఎవరెవరివో పాత తుపాకులే దక్కాయి. ఈ ఏడాదైనా తనకంటూ ఒకటి ఉండాలని మైరన్ కోరిక.

రెండు శీతాకాలాలు అతడు నేలమాళిగలోనే గడిపాడు. ఇనుప భాగాలు చెక్కలో సందు లేకుండా అమరేలా, వాటికి దీపపు మసి పూసి లోపలికి దించడం, నల్లగా అంటుకున్న చోట పిసరంత గీకడం, మళ్ళీ పూయడం, మళ్ళీ దించడం. భోజనానికి పైకి వచ్చేసరికి ముక్కంతా మసి. "వచ్చాడమ్మా గనిలోంచి మా ఆయన" అని తెక్లా ఏడిపించేది. ఆ పనికి రెండు చేతులూ చెక్కకు ఆనించుకోవచ్చు కాబట్టి వణుకు అదుపులో ఉండేది. చిక్కంతా చివర్లో వచ్చింది. పిడి మీద చెయ్యి జారకుండా సన్నటి గళ్ళు చెక్కాలి. వెంట్రుకంత ఎడంలో, ఒకదాని పక్కన ఒకటి, తిన్నగా గీతలు గీయాలి. మైరన్ చెయ్యి ఎగిరింది. గీత హద్దు దాటి, మెరిసే చెక్క మీద అడ్డంగా పోయింది.

అతడు ఉలి విసిరికొట్టాడు. రెండు రోజులు నేలమాళిగలోకి దిగలేదు. ఈస్టరు ముందు ఉపవాసాల రోజులవి. తెక్లా వంటింట్లో కూర్చుని చర్చి అమ్మకానికి గుడ్ల మీద మైనంతో బొమ్మలు గీస్తోంది. వాళ్ళ అమ్మమ్మ నేర్పిన విద్య అది. ఆమె చెయ్యి కొవ్వొత్తి వెలుగులో కూడా చెక్కుచెదరదు. మూడో రోజు ఆమె గుడ్లు పక్కకు జరిపి, "ఒక పనికిరాని ముక్క ఇటివ్వు, ఆ పరికరం కూడా" అంది. వారమంతా ముక్కల మీద చెయ్యి తిప్పింది. ఆ తర్వాత పిడి మీదా, గొట్టం కింద భాగం మీదా గళ్ళన్నీ తనే చెక్కింది. మైరన్ పాడుచేసిన గీతను ఎక్కడా కనపడకుండా ఒక గోధుమ కంకిలోకి కలిపేసింది. హద్దు చుట్టూ మిగతా కంకులు దానికి తోడుగా వచ్చాయి.

ఇలాంటి చెక్కలు చేసేవాళ్ళకు ఒక అలవాటు ఉంది. తుపాకీ మడమకు, అంటే భుజానికి ఆనే చివరకు, బిగించే ఇనుపరేకు కింద, ఎవరికీ కనపడని చోట, పెన్సిలుతో తమ పేరు రాసుకుంటారు. తెక్లా చర్చి వంటింట్లో పిరోగీలనే దుంపల కజ్జికాయలు చేస్తున్న ఒక మధ్యాహ్నం, మైరన్ "మైరన్ హుడాక్ చేసినది" అని రాసి, కింద తేదీ వేసి, రేకు బిగించేశాడు. బిగించాక కాసేపు మనసు పీకింది. పోనీలే, ఎవరు చూస్తారు అనుకున్నాడు.

*

ఫైర్‌స్టేషన్ హాలులో వేట క్లబ్బు ప్రదర్శన జోరుగా సాగుతోంది. మైరన్ బల్ల దగ్గర జనం మూగారు. క్లబ్బు పెద్ద లియో కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, పిడి మీద బొటనవేలు రాసి చూశాడు.

"ఓరి నీ అసాధ్యం కూలా! ఈ గళ్ళు నువ్వు చెక్కావా?"

"ఇంకెవరు చెక్కుతారు?" అన్నాడు మైరన్. ఆ మాట అతడు ఆలోచించకుండానే వచ్చేసింది.

"మరి ఈ కంకులేంటి? ఏ పుస్తకంలోనూ చూడలేదే!"

"ఏదో, తట్టింది."

తెక్లా పక్కనే అక్రోటు రొట్టె ముక్కల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. లియో ఆమె వైపు తిరిగి కన్నుకొట్టాడు. "ఏం తెక్లా, కనీసం రంపపు పొట్టైనా ఊడ్చిపెట్టావా మావాడికి?"

అందరూ పగలబడి నవ్వారు. మైరన్ కూడా నవ్వాడు. నవ్వి ఊరుకోకుండా, "ఊడ్వడం సరే, ఇల్లంతా దుమ్మని రోజూ దెప్పేది" అన్నాడు.

తెక్లా నవ్వలేదు, కోపగించుకోలేదు. పళ్ళెం లియో ముందుకు చాచి, "తీసుకో" అంది. మధ్యాహ్నం తుపాకీకి నీలం రిబ్బను కట్టారు. ఫోటోలో మైరన్ కుడిచెయ్యి జేబులో పెట్టుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు కారు తెక్లా నడిపింది. 

*

రాత్రి భోజనానికి లారిసా వచ్చింది. జిల్లా ఆసుపత్రిలో నర్సు ఆమె. తడికోటు కూడా విప్పకుండానే తుపాకీ అందుకుని భుజానికి ఆనించింది.

"నాన్నా! అచ్చం నా ఒంటికి కుట్టినట్టుంది. ఈ గళ్ళు... నాక్కూడా నేర్పవూ?"

"నేర్పుతాలే, తీరిగ్గా" అన్నాడు మైరన్ పళ్ళెంలోకి చూస్తూ.

క్యాబేజీ కూర వడ్డిస్తున్న తెక్లా గరిటె ఒక క్షణం ఆగింది.

లారిసా తుపాకీని దీపం కిందికి జరిపింది. కంకుల మీద వేలు పెట్టి, ఒక్కొక్కటే తడిమి చూసింది. తర్వాత లేచి, అద్దాల బీరువాలోంచి ఎర్రరంగు ఈస్టరు గుడ్డు ఒకటి తెచ్చి పిడి పక్కన పెట్టింది. రెండింటి మీదా అవే కంకులు. కాడ దగ్గర ఎడమవైపుకు వంగిన అదే వంపు.

"అమ్మా, ఇది నువ్వు చేశావు."

తెక్లా కూర వడ్డిస్తూనే ఉంది.

"నాన్నా?"

"చిన్న సాయం చేసిందిలే" అన్నాడు మైరన్.

తెక్లా కూర గిన్నెను బల్ల మీద పెట్టింది. చిన్నగానే పెట్టింది, కానీ మైరన్ ఉలిక్కిపడ్డాడు. "చిన్న సాయమా? పోనీ, అంతే అనుకో. నాకు రిబ్బను వద్దు, ఫోటో వద్దు. మొదటిసారి 'ఇంకెవరు' అన్నావు, ఏదో బెదురులే అనుకున్నాను. కానీ లియో నన్ను ఎకసెక్కం చేస్తే నువ్వు నవ్వావు మైరన్. వాడికి తెలీదు. నీకు తెలుసు."

"అందరి ముందూ చెయ్యి వణుకుతోందని ఎలా చెప్పమంటావు?" అతడి గొంతు పెరిగింది. "మా నాన్నకూ ఇలాగే అయింది. వేట మకాంలో ఒకరోజు తోటివాళ్ళు ఆయన చేతిలోంచి ఇదే తుపాకీ తీసుకుని, బంగాళాదుంపల గిన్నె ఇచ్చారు. ఇక పోయేదాకా దుంపలు చెక్కు తీయడమే. మంచు పడుతుంటే గుమ్మంలో నిలబడి, అడవిలోకి పోయేవాళ్ళని చూసేవాడు. నాకూ ఆ గతే పట్టమంటావా?"

ఈ సంగతి ఇన్నేళ్ళలో అతడు ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. తెక్లా ముఖం కాస్త మెత్తబడింది. గొంతు మాత్రం మెత్తబడలేదు.

"నీ చెయ్యి చూసి సిగ్గుపడ్డావు, సరే. నా చెయ్యన్నా నీకు సిగ్గేనా?"

మైరన్ ఏ మాట వెతికినా అది అబద్ధమే అయ్యేలా ఉంది. వణికే చేతిని బల్ల కిందికి దించుకున్నాడు. అలా దించుకున్నందుకు మరింత సిగ్గేసింది.

లారిసా తుపాకీని జాగ్రత్తగా దుప్పటి మీద పెట్టి, కోటు గుండీలు పెట్టుకుంది. "నేనిది పట్టుకుని అడవిలోకి పోలేను నాన్నా. నువ్వు సరిచేసేదాకా ముట్టుకోను."

*

ఆదివారం ఆరాధన తర్వాత ఊరంతా ఫైర్‌స్టేషన్‌లోనే ఫలహారం చేస్తారు. ఆడవాళ్ళు వంటింట్లో అట్లు పోస్తుంటారు. గోడలో ఉన్న కిటికీలోంచి పళ్ళాలు హాలులోకి వస్తుంటాయి. తెక్లా, లారిసా పొద్దున్నే వెళ్ళిపోయారు. ఆ తర్వాత మైరన్ తుపాకీ పట్టుకుని వచ్చాడు. రిబ్బను ఇంకా దానికే ఉంది.

లియో కూర్చున్న బల్ల దగ్గర నిలబడి మైరన్ గొంతు సవరించుకున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. రెండోసారి గట్టిగా దగ్గాడు.

"ఈ గళ్ళు నేను చెక్కలేదు."

కబుర్లు ఆగిపోయాయి.

"చెక్కబోయి పాడుచేశాను. ఇదిగో, ఇందువల్ల." కుడిచెయ్యి ముందుకు చాచాడు. అందరూ చూస్తున్నారనేసరికి అది ఇంకా ఎక్కువగా ఊగింది. దాన్ని అలాగే ఉంచడానికి అతడికి ఒళ్ళంతా చెమట పట్టింది. "గళ్ళు, కంకులు అన్నీ తెక్లావి. నిన్న మీరు నవ్వారు, మీకు తెలీదు. నేను తెలిసీ నవ్వాను. ఇప్పుడు మకాంలో నాకు దుంపల గిన్నె ఇచ్చినా నేను కాదనను."

లియో కాసేపు అతడి చేతిని చూశాడు. తర్వాత కాఫీ కూజా అందుకుని, మైరన్ కోసం ఒక కప్పులో పోశాడు. సగం వరకే పోసి ఆపాడు.

"రెండేళ్ళుగా మకాంలో నీకు ఎవడైనా నిండుకప్పు ఇచ్చాడురా?" అన్నాడు మెల్లగా.

మైరన్ ఆ కప్పు వంక చూస్తూ నిలబడిపోయాడు. మకాంలో తెల్లవారుజామున చేతికందిన కాఫీలన్నీ గుర్తొచ్చాయి. ప్రతిసారీ కాఫీ సరిపోలేదేమో అనుకునేవాడు.

"నీ చెయ్యి సంగతి మాకెప్పుడో తెలుసు. కొమ్మకు ఆనించుకునే కాలుస్తావు, జాగ్రత్తగానే కాలుస్తావు. అది ముదిరితే నీతో చెప్పడానికి మేం లేమా? నిన్న ఆ గళ్ళు చూసి, ఏదో మంచి మందు దొరికిందిరా వీడికి అనుకున్నాం." ఎవరో కిసుక్కుమన్నారు. లియో నవ్వలేదు. "మాకు తెలియంది తెక్లా సంగతే. నాచేత ఆ పాడుమాట అనిపించావు కదరా."

దాచాలనుకున్నది లోకమంతటికీ తెలుసు. తెలియాల్సిందే అతడు దాచిపెట్టాడు. మైరన్‌కు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

లియో టోపీ తీసి వంటింటి కిటికీ దగ్గరికి నడిచాడు. "తెక్లా గారూ! నా నోటికి బుద్ధి లేదు. మా నాన్న తుపాకీ చెక్క ఒకటి ఇంట్లో నున్నగా పడి ఉంది. తీసుకొస్తే చూస్తారా?"

కిటికీ అవతల తెక్లా అట్లకాడ పట్టుకుని నిలబడి ఉంది. ఆమె కళ్ళు లియో మీద లేవు, అతడి వెనకాల ఉన్న మైరన్ మీద ఉన్నాయి.

"తీసుకురా. హద్దులు మైరనే కొలవాలి, అది నాకు చేతకాదు" అంది. ఆపైన, "ముందు మా ఆయన్ని డాక్టరుకి చూపించాలి. అట్లు మాడుతున్నాయి, జరుగు" అంటూ పొయ్యి వైపు తిరిగింది. అలా తిరిగి, నడుముకు కట్టుకున్న వంట గుడ్డతో కళ్ళు ఒత్తుకోవడం లారిసా ఒక్కతే చూసింది.

*

ఇంటికి వచ్చాక మైరన్ తుపాకీని వంటింటి బల్ల మీద బోర్లించి, మరలు విప్పే స్క్రూడ్రైవరు తీశాడు. దాని మొన మర గాడిలో నిలవలేదు. రెండుసార్లు జారింది. మూడోసారి అతడు దాన్ని తెక్లాకు అందించాడు.

"నువ్వు విప్పు. లోపల ఇంకొకటి ఉంది. అది నువ్వు చూడాలి."

తెక్లా మరలు విప్పి రేకు తీసింది. పెన్సిలు రాత చదివింది. కింద వేసిన తేదీ కూడా చదివింది. అది తను గళ్ళు ముగించిన తర్వాతి తేదీ. రాత మీద వేలు ఆనించింది.

"మధ్యలో, అడ్డంగా రాసుకున్నావే" అంది. "నాకు చోటేదీ?"

మైరన్ సొరుగులోంచి గరుకు కాగితం తీశాడు. చిన్న చెక్కముక్కకు చుట్టి, ఎడమచేతిని కుడిచేతి మీద అదిమి, తన పేరును రుద్దడం మొదలుపెట్టాడు. ఆ పనికి వణుకు అడ్డం రాలేదు. కన్నీళ్ళు పొట్టులో పడి మరకలవుతుంటే వాటిని కూడా కలిపి రుద్దాడు. తెక్లా ఆపమనలేదు. తుపాకీ కదలకుండా పట్టుకుని కూర్చుంది.

చెక్క మళ్ళీ శుభ్రమయ్యాక పెన్సిలు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె గుండ్రంగా, తిన్నగా తన పేరు రాసి, పెన్సిలు తిరిగి ఇచ్చింది.

"నీది కూడా నువ్వే రాసెయ్" అన్నాడు మైరన్. "నేను రాస్తే వంకరగా వస్తుంది."

"రానీ" అంది తెక్లా.

అతడు రాశాడు. అక్షరాలు వంకరగానే వచ్చాయి. తెక్లా వాటిని ఒకసారి చూసి, రేకు పెట్టి మరలు బిగించి, కూతురికి ఫోన్ చేయడానికి లేచింది.