జొండా గాలిలో ఆరు కవచాలు

శాన్ హువాన్ ఊరి చివర గ్యారేజీలో, రిపేరు గోతిలో ఓస్వాల్దో వెల్లకిలా పడి ఉన్నాడు. చేతిలో స్పానర్ అలాగే ఉంది. మెడ చుట్టూ పాత ప్లగ్గు వైరు బిగించి ఉంది. పైన నిలబెట్టిన స్పోర్ట్స్ కారుకి గీత కూడా పడలేదు.

ఆ సాయంత్రమే గూఢచారి రామిరో ఓచోతెకోకి బ్యూరో నుంచి పిలుపు వచ్చింది. కలుసుకోవలసిన చోటు ఒక బేకరీ. కౌంటర్ వెనక పిండి అంటిన ఏప్రన్ కట్టుకుని ఒకావిడ రొట్టెలు సర్దుతోంది.

"జొండా వీస్తుందంటావా?" అంది తలెత్తకుండా.

"కిటికీలు మూసుకున్నవాళ్లకి వీయదు" అన్నాడు రామిరో.

ఆవిడ వెనక గది తలుపు తీసింది. ఏప్రన్ విప్పితే కర్నల్ ఇర్మా సావెద్రా.

"ఓస్వాల్దోని చంపింది లాంతర్ ముఠా. సముద్రం అవతలి వాళ్లు. అతను చూసేది డాక్టర్ బుస్తింగోర్రి కారు. తెలుసుగా, మన రాడార్లన్నీ ఆయన బుర్రలోవే. ఆ రహస్యాలు వాళ్లు అమ్మమంటే అమ్మలేదు. ఎల్లుండి ర్యాలీలో కొండ దాటి చిలీ వెళ్తున్నాడు."

"మానమనొచ్చుగా మేడమ్?"

"మంత్రిగారే చెప్పి చూశారు. కారు జోలికొస్తే రాజీనామా అన్నాట్ట." ఆమె ఒక కాగితం ముందుకు తోసింది. "ముఠా రేడియోలో పట్టుకున్న మాట. చదువు."

'కొండ మీద కాయిల్స్ పోతాయి. కారు ఆగుతుంది. పిట్టని తీసుకోండి.'

రామిరో బూరెలాంటి రొట్టె ఒకటి తీసుకున్నాడు గాని కొరకలేదు. వాళ్ల నాన్నది గ్యారేజీ. ఆ కారు సంగతి అతనికి తెలుసు. ఇంజిన్ వెనక ఉంటుంది. మంట పుట్టించే ఇగ్నిషన్ కాయిల్స్ సరిగ్గా పొగ గొట్టాల పక్కనే ఉంటాయి. గొట్టాల వేడికి కాయిల్ తొడుగు పగుళ్లిస్తుంది. నిప్పురవ్వ పక్కదారి పడుతుంది. ఇంజిన్ దగ్గి దగ్గి ఆగిపోతుంది. అదే ఆమెకి చెప్పాడు.

"దీనికి మందుందా?"

"ఉంది. కాయిల్‌కీ గొట్టానికీ మధ్య రేకు కవచాలు బిగించాలి. మధ్యలో గాలి ఆడాలి. అప్పుడు కొండ కాదు, స్వర్గం దాకా ఎక్కినా ఆగదు."

"అయితే ఇవాళ్టి నుంచి ఆయన మెకానిక్‌వి నువ్వే. కవచాలు దెల్ఫీనా తెస్తుంది. ర్యాలీలో ఆయన పక్కన కూచుని దారి చెప్పేది తనే."

"దెల్ఫీనా ఎవరి మనిషి మేడమ్?"

"ఆదివారాలు మన మనిషి."

"మిగతా రోజులు?"

"అది నువ్వే చూసి చెప్పు."

మర్నాడు గ్యారేజీకి దెల్ఫీనా అరస్కాయెతా వచ్చింది. నల్ల కళ్లద్దాలు, పట్టు చొక్కా, ఆ గ్రీజు వాసనలో ఇమడని అత్తరు. చేతిలో అట్టపెట్టె.

"కొత్త మెకానిక్ గారూ, గోళ్లకి మురికి ఇంకొంచెం పట్టించండి. నమ్మకం కుదరట్లేదు."

"పట్టిద్దాం. కిందకొచ్చి టార్చి పట్టుకుంటే ఇద్దరికీ పడుతుంది."

ఆమె నవ్వింది గాని గోతి వైపు చూడలేదు. ఓస్వాల్దో పడి ఉన్న చోటు అక్కడే.

రామిరో ఒక్కో కాయిల్ బోల్టు విప్పి, దాని కింద కవచం అమర్చి, రేకు కాయిల్‌కి తగలకుండా సందు చూసుకుని మళ్లీ బిగించాడు. ఇటు మూడు, అటు మూడు. రేకులు మామూలు కంటే కాస్త మందంగా, బరువుగా అనిపించాయి. మంచి సరుకే తెచ్చింది అనుకున్నాడు. పెట్టెలో ఏడోది మిగిలితే తన వ్యాన్‌లో పడేశాడు.

అంతలో డాక్టర్ బుస్తింగోర్రి వచ్చాడు. ఎలక బొచ్చు రంగు మీసాలు, చంకలో నీళ్ల సీసా.

"ఒరేయ్ అబ్బాయ్, నా పిల్లని ఏం చేస్తున్నావు?"

"చలవ చేస్తున్నా డాక్టర్ గారూ. ఆ సీసా వెనక పెట్టమంటారా?"

"ముట్టుకోకు. అది దిఫుంతాకి. కొండెక్కే ముందు ఆవిడకి నీళ్లివ్వకుండా నేనెప్పుడూ పోలేదు."

ఎడారిలో దాహంతో చనిపోయిన తల్లి దిఫుంతా కొర్రెయా. ఆమె రొమ్ము పట్టుకునే బిడ్డ బతికి ఉన్నాడంటారు. చర్చి ఆమెని పునీతుల్లో చేర్చలేదు. డ్రైవర్లు మాత్రం ఆ మాట పట్టించుకోకుండా దారి పక్క ఆమె గుడిలో నీళ్ల సీసాలు పెడుతూనే ఉన్నారు. రామిరో తల్లి కూడా సీసా మోసినావిడే. చనిపోయినావిడ తాగుతుందా అని చిన్నప్పుడు అడిగితే, "నువ్వు దాహంగా ఉన్నవాణ్ణి చూసి ఊరికే పోకుండా ఉండటానికిరా" అంది. ఆ జవాబు అతనికి అప్పుడు చాలలేదు. ఇప్పటికీ చాలిందో లేదో చెప్పలేడు. దేవుణ్ణి నమ్ముతాడు. అడగాల్సినవి మాత్రం మిగిలే ఉన్నాయి.

ర్యాలీ రోజు నిజంగానే జొండా లేచింది. ఆండీస్ మీంచి దిగే ఆ పొడిగాలికి ఆకాశం ఇటుక రంగుకి తిరిగింది. కుక్కలు వ్యాన్‌ల కింద దూరాయి. మోటార్ సైకిల్ మీద పోతున్న ఒక పోలీసు ముఖానికి తడిగుడ్డ కట్టుకున్నాడు. ఇలాంటి గాలిలో మనుషులు ఊరికే కొట్టుకుంటారని ఆ ఊళ్లో అందరికీ తెలుసు.

రామిరో వ్యాన్ కార్ల కంటే ముందు బయల్దేరింది. కొండ మొదట్లో, దిఫుంతా గుడి కనిపించేంత దూరంలో పక్కకి ఆపాడు. కార్లు వచ్చేదాకా మాతే ఆకు కషాయం తాగుదామని గ్యాస్ పొయ్యి వెలిగించాడు. మాతేకి నీళ్లు మరగకూడదు. మరిగితే ఆకు మాడిపోతుంది. అందుకే మంట మీద ఒక రేకు వేసి దాని మీద కెటిల్ పెట్టడం అలవాటు. చేతికందిన రేకు ఆ ఏడో కవచం.

బ్యూరో ఇచ్చిన వేడి కొలిచే తుపాకీ తీసి కెటిల్ మీద ఎర్ర చుక్క పెట్టాడు. డెబ్బై. బాగుంది. వ్యాన్ ఊగి చుక్క రేకు మీదకి జారింది. రెండు వందలు.

రేకు సన్నగా ఈల వేసింది.

అతను ఆలోచించలేదు. కాలితో పొయ్యిని తన్ని తలుపులోంచి బయటకి దూకాడు. వెనక తెల్లటి మంట లేచింది. పొయ్యి లేదు, కెటిల్ లేదు, వ్యాన్ అడుగులో బకెట్టంత రంధ్రం.

రామిరో ఇసుకలో కూచుని ఉండిపోయాడు. ఆ రేడియో మాట మనకి దొరకాలనే వదిలారు. కాయిల్స్ పోతాయంటే మనం కవచాలు బిగిస్తామని వాళ్లకి తెలుసు. పిట్టని పట్టుకోవడానికి కాదు, కాల్చడానికి. ఆరు బాంబులు తన చేత్తోనే, సందు చూసుకుని మరీ బిగించాడు.

గ్రీజు గన్‌లో దాచిన రేడియో తీశాడు. "డాక్టర్ గారి కారు ఆపండి."

గరగరలు తప్ప ఏమీ లేదు. కొండలు అడ్డం.

అప్పుడే ఆ కారు గర్జిస్తూ అతని పక్క నుంచి పోయి గుడి ముందు ఆగింది.

కారు పరుగెత్తుతున్నంతసేపూ గాలి కొట్టి రేకులు కొంచెం చల్లగా ఉంటాయి. ముఠా లెక్క ఏమిటో తెలుస్తూనే ఉంది. నిటారు ఎక్కుడులో, మనిషి లేని మలుపులో పేలాలి. కానీ వేడి ఇంజిన్ ఆపితే గాలి ఆగుతుంది, వేడి అక్కడే కూచుంటుంది, ఇంకా పెరుగుతుంది. ఆవిడకి నీళ్లివ్వకుండా ఇక్కడ ఎవరూ పోరన్న సంగతి ఆ లెక్క వేసినవాడికి తెలియదు.

పరుగెత్తాడు. కారుకి ముందొకటి, వెనకొకటి ర్యాలీ కార్లు ఇరుక్కుని ఉన్నాయి. పక్కన యాత్రికుల బస్సు, దాని నీడలో పిల్లలు. డాక్టర్ గుడి లోపల మోకాళ్ల మీద ఉన్నాడు. దెల్ఫీనా కారుకి ఆనుకుని సిగరెట్ వెలిగించుకుంటోంది.

రామిరో కారు కింద ఎర్ర చుక్క పెట్టాడు. నూట యాభై. నూట అరవై.

"ఈ రేకులు ఎక్కడివి?"

"మా వాళ్లిచ్చారు. నాసిరకం రేకులు, కొండ మీద కారు ఆగిపోతుందన్నారు. ఎత్తుకుపోతారు గాని చంపర..." ఆమె అతని కాలిన చొక్కా చేతిని చూసింది. సిగరెట్ వేళ్ల మధ్యే ఆరింది. "నేను ఆయన పక్క సీట్లో కూచుంటానని వాళ్లకి తెలుసు."

"తెలుసు. అందుకే చెప్పలేదు."

"బాంబు, అందరూ దూరంగా పొండి" అని అరిచాడు రామిరో. జొండాలో ఆ మాట ముక్కలై పోయింది. కొందరు కదిలారు. కొందరు గాలికి పిచ్చెక్కినవాణ్ణి చూసినట్టు చూశారు. గుడి గోడ వెంట యాత్రికులు పెట్టిన నీళ్ల సీసాలు ఒకదాని మీద ఒకటి కొండలా ఉన్నాయి. చేతికందినన్ని లాక్కున్నాడు.

గుడి ఊడ్చే ఎవుఫేమియా అవ్వ చీపురు అడ్డం పెట్టింది. "ఆవిడ నీళ్లురా దొంగ సచ్చినోడా. చేతులు పడిపోతాయి."

"కింద మంట ఉందవ్వా. ఈ పిల్లలంతా మాడిపోతారు."

అవ్వ పిల్లల్ని చూసింది. అతని చేతుల్ని చూసింది. చీపురు దించింది.

"ఆవిడ నోరెండి చచ్చింది. మాడి చచ్చేవాళ్లని చూస్తూ ఊరుకుంటుందా? పొయ్యి." తర్వాత బస్సు వైపు తిరిగి గొంతెత్తింది. "ఒరే డ్రైవరూ, పిల్లల్నెక్కించుకుని వెనక్కి నడుపు. డాక్టర్, నీ దండాలు చాలు, నీ కారుకి నీళ్లు కావాలి, బయటికి రా."

రామిరో కారు కింద దూరి ఇంజిన్ మీద నీళ్లు కొట్టాడు. ఆవిరి ముఖానికి తగిలి కళ్లు మండాయి. నూట ఎనభై. నూట డెబ్బై. అవ్వ సీసాలు మూతలు తీసి అందిస్తోంది. డాక్టర్ తను ఇంటి నుంచి తెచ్చిన సీసా కూడా ఇచ్చేశాడు. ఎడమ పక్క బోల్టులు ఒక్కొక్కటే వదులయ్యాయి. మూడు రేకులు తడి ఇసుకలో పడ్డాయి.

కుడి పక్క ఎర్ర చుక్క మళ్లీ ఎక్కుతోంది. అతనికి అటు చెయ్యి అందడం లేదు.

పట్టు చొక్కాతో దెల్ఫీనా అటు నుంచి కారు కింద దూరింది. "స్పానర్ ఇటు తొయ్యి."

"నువ్వెళ్లిపో."

"ఇవాళ ఏ వారం?"

"ఆదివారం."

"మరింకేం. నీళ్లు పొయ్యి."

ఒకటి ఊడింది. రెండోది ఊడింది. ఆఖరిది సన్నగా ఈల వేసింది. దెల్ఫీనా స్పానర్ వదిలేసి ఒట్టి చేత్తో రేకుని వంచి, లాగి, చర్మం అంటుకుపోతున్నా వదలకుండా విసిరింది. అది సీసాల గుట్టలో పడింది. తెల్లటి మంట, దాని మీద ఇంటెత్తు నీళ్లు. వేడి వాన అందరి మీదా కురిసింది.

కారు పేలడం చూద్దామని పై మలుపు దగ్గర కాచుకున్న ముఠా ట్రక్కుని పోలీసులు పట్టుకున్నారు. దెల్ఫీనా చేతికి కట్టు కట్టించుకుంది. మర్నాడు సోమవారమైంది గాని ఎక్కడికీ పోలేదు.

బేకరీ వెనక గదిలో కర్నల్ సావెద్రా రిపోర్టు చదివి కళ్లద్దాలు తీసింది.

"నీళ్లు ఎక్కడివని రాయలేదేం?"

"ఒకావిడ ఇచ్చింది మేడమ్."

"మన మనిషేనా?"

రామిరో కిందకి చూశాడు. అతని కాళ్ల దగ్గర గుడికి తీసుకెళ్లాల్సిన నీళ్ల సీసాల పెట్టె ఉంది.

"మన మనిషి కాదు మేడమ్. మనకన్నా ముందు నుంచీ డ్యూటీలో ఉంది."