పూడని పంటి గుంటలు

వర్తూరు చెరువు బురదలో చేపలు పట్టేవాళ్ళకు మనిషి ఎముక దొరికింది. కింది దవడ. ఎడమ పక్క రెండు పళ్ళు లేవు.

2003 మార్చి 14. ఉదయం 10:20. స్టేషన్లో టేబుల్ మీద పాత పేపరు పరిచి దాన్ని పెట్టారు.

"మా అన్నే సార్," అన్నాడు పిల్లప్ప. "ఆ రెండు పళ్ళూ ఆనేకల్లో నేనే దగ్గరుండి పీకిపిస్తి."

"ఎప్పుడు?" ఇన్‌స్పెక్టర్ పద్మనాభం అడిగాడు.

"ఏడేండ్లాయ."

అన్న ఓబులేష్ మాయమై పద్నాలుగు నెలలు. అతని భార్య సుంకమ్మ గోడకు అంటుకుపోయి నిలబడింది. ఎముక వైపు చూడలేదు.

"కాదని చెప్పు సారూ! నువ్వు ఊ అంటే మా మరిది రేపే కర్మ అంటాడు. గాజులు తీపిస్తాడు. చెరువు కాడ పొలానికి ఏలిముద్ర ఎయ్యమంటాడు. రేపు ఆయప్ప వస్తే నేను ఏం మొగం చూపించేది?"

"ఎన్నాళ్ళు వదినా ఈ ఏడుపు? అన్న రాడు."

పద్మనాభానికీ ఆశ లేదు. లేని పళ్ళు సరిగ్గా సరిపోయాయి.

11:05కి డెంటిస్ట్ కిరణ్మయి వచ్చింది. గ్లవ్స్ వేసుకుని ఖాళీల్లో వేలు పెట్టి చూసింది.

"బతికుండగా పన్ను పీకితే ఆ గుంట నెలల్లోనే ఎముకతో పూడిపోతుంది సార్. ఏడేళ్ళకి అక్కడంతా నున్నగా అయిపోవాలి. ఇవి చూడండి, ఎంత లోతున్నాయో."

"చచ్చాక ఊడిపోయాయేమో?"

"ఊడితే గుంట గోడ విరగదు. ఇక్కడ విరిగింది. ఎముకంతా బురద రంగు, విరిగిన చోట మాత్రం తెలుపు. ఈమధ్యే ఎవరో పటకారుతో పీకారు."

సుంకమ్మ ఒక్క ఉదుటున వచ్చి ఆమె చేయి పట్టుకుంది. "అయితే మా ఆయప్ప కాదామ్మా? బతికి ఉండాడా?"

పద్మనాభం ఆమె వైపు చూడలేకపోయాడు. పిల్లప్ప వైపు తిరిగాడు.

"ఎవరిదిరా ఇది?"

"శ్మశానంలో తవ్వి చెరువులో ఏస్తి సార్. పొలం కోసం... తప్పాయ."

"కర్మ అయ్యాక మీ అన్న నడుచుకుంటూ వస్తే?"

పద్మనాభం అతని దగ్గరికి వచ్చాడు.

"ఆ భయమే నీకు లేదు. రాడని నీకు తెలుసు. మరి అసలు దవడే తేవచ్చు కదా. ఎందుకు తేలేదు?"



"తలకాయ... పగిలిపోయినాది సార్," అన్నాడు పిల్లప్ప సన్నగా. "పొలంలో పూడ్చిన బాయిలో ఉండాడు."

సుంకమ్మ ఏడవలేదు. డాక్టరు చేయి వదల్లేదు.

"ఆ బాయి పూడస్తా ఉన్నెప్పుడు," అంది నెమ్మదిగా, "నీకు మూడు దినాలు సద్ది మోసింది నేనే కదప్పా."