చిలకపచ్చ రేకు మీద వేలిముద్ర

"ముట్టుకోకు!" అని అన్నయ్య అరిచేసరికి తూనీగ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ముట్టుకోలేదుగా! చూస్తున్నానంతే."

"చూడ్డానికి కళ్లున్నాయి. వేలెందుకు?"

తూనీగకు అసలు పేరు వేరే ఉంది. ఒక్కచోట కుదురుగా ఉండదని ఇంట్లో అందరూ అలా పిలుస్తారు. ఆ పిలుపు ఆ పిల్లకూ ఇష్టమే.

వరండాలో పాత పేపర్ల మీద కంప్యూటర్ పెట్టె పక్కరేకు, పైరేకు ఆరుతున్నాయి. అన్నయ్య పాత భాగాలన్నీ కూర్చి అమ్మమ్మ కోసం కంప్యూటర్ తయారుచేశాడు. పెట్టెకు రంగు వేసే పని తూనీగ తీసుకుంది. అమ్మమ్మకు చిలకపచ్చ అంటే ప్రాణం. రేపు సాయంత్రం వస్తోంది. గుమ్మంలో అడుగు పెట్టగానే పచ్చటి పెట్టె కనబడాలని తూనీగ కోరిక.

పిన్ని షెడ్డులో కార్లకు రంగులు వేస్తుంది. ఆమే దగ్గరుండి మొదటి పూత వేయించింది. పనికి వెళ్తూ ఒకే మాట చెప్పింది. "నేనొచ్చేదాకా దీని జోలికి పోకు. రెండో పూత సాయంత్రం వేద్దాం."

అన్నయ్య లోపలికి వెళ్లాడు. తూనీగ చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ తిరిగింది. సాయంత్రం ఎంతకీ రావడం లేదు. ఆరిందో లేదో తెలియాలంటే ముట్టుకోవాలి కదా మరి! పక్కరేకు మీద వేలు ఇలా ఆనించింది, అంతే.

వేలు పచ్చగా వచ్చింది. రేకు మధ్యలో వేలిముద్ర గీతలతో సహా పడింది.

తూనీగ గబగబా స్ప్రే డబ్బా తీసుకుని ముద్ర మీద కొట్టింది. ముద్ర మాయమైంది. కానీ రంగు ఎక్కువై, జలుబు చేసిన పిల్లాడి ముక్కులా కారడం మొదలుపెట్టింది. గుడ్డతో తుడిచింది. గుడ్డ పీచు అంటుకుంది. పీచు కనబడకుండా మళ్లీ కొట్టింది. కాసేపటికి రేకంతా ముడతలు పడింది.

సాయంత్రం పిన్ని వచ్చి చూసింది.

"ఇదేంటే, ఒక్కపూటలో దీనికి ముసలితనం వచ్చేసింది?"

"డబ్బాలో రంగు మంచిది కాదు పిన్నీ," అంది తూనీగ, చేతులు వెనక్కి పెట్టుకుని.

"అవునా? పైరేకుకీ ఇదే డబ్బా కదా. అది నున్నగా ఉందే!"

పిన్ని వంగి రేకును పరీక్షగా చూసింది.

"కారిందంటే ఒకేచోట ఎక్కువ కొట్టారన్నమాట. పీచు ఉందంటే గుడ్డతో తుడిచారు. ముడతలు పడ్డాయంటే కింద పూత ఆరకముందే పైన కొట్టారు. ఇదంతా రంగే చెప్పింది. ముందు ఏం జరిగిందో మాత్రం చెప్పట్లేదు."

తూనీగ నెమ్మదిగా చెయ్యి ముందుకు చాపింది. వేలి కొస ఇంకా పచ్చగానే ఉంది. "నేనే ముట్టుకున్నా పిన్నీ," అంటూ బావురుమంది.

పిన్నికి జాలీ వేసింది, నవ్వూ వచ్చింది. "మా షెడ్డులో అందరికీ అలాగే చెయ్యి దురద పెడుతుందే. అందుకే మేమేం చేస్తామో తెలుసా?" అని ఒక పాత డబ్బా మూత తెచ్చిచ్చింది. "రేకుతోపాటే దీనికీ రంగు వెయ్యి. తర్వాత ఎంత కావాలంటే అంత దీన్నే ముట్టుకో. ఇది ఆరితే అదీ ఆరినట్టే."

"మరి రేపటికి అయిపోతుందా?"

"అవదు. ముందు ఈ ముడతలు గట్టిపడాలి. వాటిని రుద్ది, మళ్లీ మొదటినుంచీ వెయ్యాలి."

తూనీగకు చాలా బాధేసింది. అయినా ఈసారి డబ్బా జోలికి పోలేదు.

మర్నాడు ఎండలో రేకు బాగా గట్టిపడ్డాక, ఉప్పుకాగితంతో చేతులు నొప్పి పుట్టేదాకా రుద్దింది. పిన్ని చూస్తుండగా పల్చగా ఒక పూత వేసింది. మూతకూ వేసింది. ఇంకా ఆరనేలేదు, గేటు చప్పుడైంది.

"అబ్బ, చిలకపచ్చ! నాకేనా?" అంటూ అమ్మమ్మ సంచీ కింద పెట్టి, నేరుగా రేకు మీదికి వేలు చాపింది.

తూనీగ ఒక్క గెంతు గెంతి ఆ చెయ్యి పట్టుకుంది. "ఆగు అమ్మమ్మా! ఇంకా పచ్చిగా ఉంది!"

"ఊరికే ఇలా ఆనిస్తానే, అంతే."

"ఓహో, తూనీగకు ఆ వేలు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది," అన్నాడు అన్నయ్య. పిన్ని పకపకా నవ్వింది.

తూనీగ మూత తెచ్చి అమ్మమ్మ చేతికిచ్చింది. దాని అంచునిండా అప్పటికే చిన్న చిన్న వేలిముద్రలున్నాయి. "దీన్ని ముట్టుకో. మధ్యలో నీ కోసం చోటు ఉంచాను."

అమ్మమ్మ వేలు నొక్కింది. వేలు పచ్చగా వచ్చింది.

"నిజమే, ఆరలేదే!"

"చెప్పానుగా! కాసేపాగి మళ్లీ చూద్దాం."

ఇద్దరూ మూతను మధ్యలో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నారు.