బల్ల మీద కణుపుల చప్పుడు

ఆశ్రయం కోరుతూ హెన్నింగ్ ల్యూడర్స్ బెల్జియంలోని ఆంట్వెర్ప్‌లో ఒక పోలీసు గుమాస్తా చేతికి ఇచ్చిన ఫోటో, బెర్లిన్ రహస్య పోలీసు అధికారి బల్ల మీదికి ఎలా చేరింది? ఈ ప్రశ్నకు ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు.

1936 మే నెల. ఆ ఫోటోను అధికారి, 'హంస' అనే మారుపేరున్న తన ఏజెంటు ముందుకు తోశాడు.

"ప్రాణాలతో కావాలి."

"తలకు దెబ్బ తగలకూడదా?"

"ససేమిరా. పేర్లన్నీ ఆ తలలోనే ఉన్నాయి."

హాంబుర్గ్ నావికుల యూనియన్‌కు ల్యూడర్స్ ఒకనాటి కార్యదర్శి. నాజీలు యూనియన్‌ను నిషేధించారు, కార్యాలయాన్ని లాక్కున్నారు, అతని సహచరుడు రైమర్స్ తలను గొడ్డలితో నరికించారు. ల్యూడర్స్ సరిహద్దు దాటి, ఆంట్వెర్ప్ రేవులో గోడెలీవ్ అనే ముసలామె నడిపే కాఫీ దుకాణం వెనక గదిలో యూనియన్‌ను మళ్ళీ నిలబెట్టాడు. జర్మన్ ఓడల బాయిలర్ గదుల్లో అతనికి మనుషులున్నారు; తామ్ వారిలో ఒకడు. టీ పొట్లాలలో దాచిన కరపత్రాలు వారి ద్వారానే జర్మనీకి చేరేవి. ఆ మనుషుల పేర్లు అతడు ఎన్నడూ కాగితం మీద పెట్టలేదు.

హంస ఆ గదిలోకి ఇర్మ్‌గార్డ్ ప్రాల్ అన్న పేరుతో వచ్చింది. బొచ్చు కాలరు కోటు, ప్రయాణికుల ఓడలో పరిచారిక ఉద్యోగం, బాయిలర్ కార్మికుడి కూతురినన్న కథ. వేసవి అంతా పొట్లాలు మోసింది. ఒక్కటీ పట్టుబడలేదు. పట్టుకోవద్దని బెర్లిన్ ఆజ్ఞ.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం గుమ్మంలో నిలబడి ల్యూడర్స్ అడిగాడు: "పొగాకు తడిసిందా?"

"లోపల పొడిగానే ఉంది," అంది ఆమె. కోడ్ సరిపోయింది. "హెన్నింగ్, తామ్ పనిచేసే ఓడ వచ్చింది. కుర్రాళ్ళు నీ మాట వింటామంటున్నారు. ఐదింటికి కెప్టెన్ ఊళ్ళోకి పోతాడు. నన్ను నమ్ము, పిల్లికి కూడా తెలియదు."

"జర్మన్ ఓడ ఎక్కితే జర్మనీలో కాలు పెట్టినట్టేగా."

"భయమా?"

"భయం లేకపోతే ఇన్నాళ్ళు బతికేవాడినా?"

గదిలో నావికులు నిండారు. రైమర్స్ చివరి ఉదయం గురించి ల్యూడర్స్ గొంతు పెంచకుండా చెప్పాడు. ముగియగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఇర్మ్‌గార్డ్ మాత్రం వేలి కణుపులతో బల్ల మీద టకటకా తట్టింది.

ల్యూడర్స్ కాఫీ కప్పు కిందికి దించాడు. యూనియన్ ఖర్చుతో అతడు ఒక ఏడాది విశ్వవిద్యాలయంలో చదివాడు. మొదటి ఉపన్యాసం ముగిసినప్పుడు విద్యార్థులందరూ ఇలాగే బల్లలు తడితే, ఎవరో తలుపు కొడుతున్నారనుకుని లేచి వెళ్ళి తీశాడు, హాలంతా నవ్వింది. ఆ అలవాటు చదువుల హాళ్ళలోనే పుట్టి అక్కడే ఉండిపోయింది. పద్నాలుగో ఏట అంట్లగిన్నెల దగ్గర పనికి చేరానన్న పిల్లకు అది ఎక్కడ అబ్బింది?

కప్పు తిరిగి ఇచ్చే నెపంతో గోడెలీవ్ దగ్గరికి వెళ్ళాడు.

"మీ తమ్ముడు క్రేను మీదే ఉన్నాడా?"

"ఉన్నాడు. ఏం, ముఖం అలా పాలిపోయింది?"

"ఆ ఇర్మ్‌గార్డ్ బెర్లిన్ మనిషి. ఓడ దగ్గర నేను టోపీ తీయగానే క్రేను బరువు గాలిలో ఆగాలి. తామ్‌కు కబురు పంపండి. నేను రేవులో కనబడగానే బూడిద బకెట్టుతో దిగిపోవాలి. మళ్ళీ ఎక్కకూడదు."

"అది తెలిసీ పోతావా? పోకయ్యా."

"నేను పోకపోతే తామ్‌ను బంధిస్తారు. వాడి పొట్లాలు మోసింది ఆమే, వాడెవరో ఆమెకు తెలుసు."

ఐదు గంటలు. రేవుకూ ఓడకూ మధ్య ఇరుకైన చెక్క వంతెన, గ్యాంగ్‌వే. ల్యూడర్స్ మర్యాదగా పక్కకు జరిగాడు. "ముందు నువ్వు." ఆమె ఎక్కింది. తామ్ బకెట్టుతో ఆమెను ఒరుసుకుంటూ దిగాడు. ల్యూడర్స్ ఒక కాలు చెక్క మీద పెట్టాడు. పైన తలుపు చాటునుంచి ఇద్దరు రహస్య పోలీసులు దూకారు.

అతడు టోపీ తీశాడు.

ఎరువు బస్తాల వల వచ్చి సరిగ్గా గ్యాంగ్‌వే మీద ఆగి ఊగింది. వేలాడే బరువు కిందికి రేవులో ఎవరూ అడుగు వేయరు. ఆ ఇద్దరూ తలలెత్తి చూసి ఆగిపోయారు. రేవు కూలీలు పని ఆపి, జేబుల్లో చేతులు పెట్టుకుని, ల్యూడర్స్ చుట్టూ చేరారు.

కోటు మడతలోని పిస్తోలును ఆమె బయటికి తీయలేదు. అన్ని కళ్ళ ముందు పేల్చడానికి ఆజ్ఞ లేదు.

"ఎప్పుడు తెలిసింది?"

"బల్ల తట్టినప్పుడు, యూనివర్సిటీ డాక్టరుగారూ."

ఓడ తామ్ లేకుండా కదిలింది. కానీ ఆ వేసవిలో ఆమె మోసిన పొట్లాలను హాంబుర్గ్‌లో అందుకున్నవారిని అదే వారంలో ఇళ్ళనుంచి ఎత్తుకుపోయారు. వారిలో ఒక్కరూ తిరిగి రాలేదు.

ఆ సాయంత్రం రేవులో బెల్జియం పోలీసులు అరెస్టు చేసినది ఒక్కడినే: హెన్నింగ్ ల్యూడర్స్‌ను. నేరం, సరుకు దింపే పనికి అంతరాయం. ఫైలు కోసం అతనికి మళ్ళీ ఫోటో తీశారు. ఫైలు ఒకటి, కాపీలు రెండు.

రెండవది ఎవరికి? ఆశ్రయమిచ్చామని మీ ఊళ్ళో చెప్పుకునే ప్రతి కార్యాలయంలోనూ ఈ ప్రశ్న అడగండి. పేరు చెప్పేవరకు అక్కడినుంచి లేవకండి.