సబ్బుకు ఎర్రబడని మరక

ఉదయం 11.40. మిర్యాలగూడ. రైస్ మిల్లు ఓనర్ నర్సింగరావు చనిపోయి గంట దాటింది. ఒళ్లు ఇంకా కాలుతోంది.

అదే గదిలో, శవం పక్కన, ఆయా సుక్కి ఉంది. బయట తాళం.

తాళం వేసింది నర్సింగరావు కొడుకు అరవింద్. పోలీసులు వచ్చేలోగా పారిపోకూడదట! క్యాన్సర్ మనిషికి ఆరు నెలలు సేవ చేసిన ఆయమ్మకు దక్కిన మర్యాద అది.

ఇన్‌స్పెక్టర్ పుష్ప తాళం తీయించింది. సుక్కి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. కొంగు మీద పసుపు మరకలు.

"పాలల్ల పసుపు తప్ప ఏం కలపలె మేడం. నేను జైలుకు వోతే తండాల నా పిల్లలను ఎవరు సూస్తరు?"

అరవింద్ తన అనుమానం మొత్తం ఏకరువు పెట్టాడు. ఇన్‌ఫెక్షన్ భయంతో గదిలోకి ఎవరినీ రానివ్వరు. తాళంచెవి సుక్కి దగ్గరే ఉండేది. నిన్నటి నుంచి నాన్నకు జ్వరం, చెమటలు. తుడిచిన తువ్వాలు కూడా పచ్చబడింది. ఆ పసుపు పాలలోనే విషం ఉందని అతని వాదన.

ఇంట్లో అందరూ తలలూపారు. పచ్చగా కనిపిస్తే చాలు, మనవాళ్లకు అది పసుపే. పుష్ప మాత్రం మంచం పక్కన మాత్రల డబ్బా చూసింది.

"ఇది ఎవరు నింపుతరు?"

"నేనే. ప్రతి ఆదివారం నింపి సుక్కికి ఇస్త," అన్నాడు అరవింద్.

పుష్ప బట్టల సబ్బు, బకెట్ నీళ్లు తెప్పించింది. సుక్కి కొంగుకు సబ్బు రుద్దింది. మరక ఎర్రబడింది. తువ్వాలుకు రుద్దింది. పచ్చగానే ఉంది.

పారాణి కలిపిన ప్రతి ఇంట్లోనూ తెలిసిన సంగతే. సున్నం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. బట్టల సబ్బు తగిలినా అంతే.

"ఇగ మీ చేతులు ఈ సబ్బుతోటి కడుక్కోండి అరవింద్ గారు."

కడిగాడు. వేళ్ల కొసలు పచ్చగానే మిగిలాయి. అప్పుడు అతను నిజం చెప్పాడు.

క్యాన్సర్ కణాల మైటోకాండ్రియాను దెబ్బకొడితే రోగం ఖతమని ఫోన్‌లో చదివాడట. ఆన్‌లైన్‌లో పసుపుపచ్చ రసాయనం పొడి తెప్పించి, క్యాప్సూల్స్‌లో నింపి, డబ్బాలో పెట్టాడు.

"నాన్న బతకాలనే చేసిన మేడం."

పుష్ప నర్సింగరావు డాక్టరుకు ఫోన్ చేసి ఆ పొడి గురించి అడిగింది. ఆయన చెప్పింది మిల్లు భాషలో చెప్పింది.

"మైటోకాండ్రియా అంటే కణంలో మోటారు. నీ పొడి దాని బెల్టు జార్చింది. మోటారు తిరుగుతది, గింజ ఆడదు, వేడి మాత్రం ఎక్కుతది. క్యాన్సర్ కణానికే కాదు, ఒళ్లంతా. తువ్వాలకు అంటిన చెమటల పచ్చగ దిగింది ఆ పొడే. పొద్దున నీకు అర్థమైంది. అందుకే ఈమెను లోపలేసినవ్."

అరవింద్ పచ్చబడిన వేళ్లను ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"ఇంకొకటి," అంది పుష్ప. "మొన్నటి స్కాన్ రిపోర్ట్ ఇయ్యాల వచ్చింది. డాక్టర్ ఇచ్చిన మందులకే గడ్డ సగం కరిగింది."

సుక్కి కళ్లు తుడుచుకుని, తన తండా ఉన్న చివ్వెంల వైపు ఆటో ఎక్కింది.

తండ్రిని ఒక్కసారి చూస్తానని అరవింద్ గదిలోకి వెళ్లాడు. ఈసారి తలుపుకు ఎవరూ తాళం వేయలేదు. కానిస్టేబుల్ మూడుసార్లు పిలిచినా అతను బయటికి రాలేకపోయాడు.