నల్లబడిన వేలికొసలు

మా ఆయనా నేనూ ఒకే ల్యాబులో పనిచేస్తాం. ఆయన శాస్త్రవేత్త, నేను ఫిల్ములు కడిగేదాన్ని. కోడిపిండాల లేత ఎముకలకు, అంటే ఇంకా గట్టిపడని మృదులాస్థికి, ఆయన రేడియోధార్మిక గంధకం చుక్క వేస్తాడు. ఎముక ఎక్కడ పెరుగుతుంటే అది అక్కడికే చేరుతుంది. ఫిల్ముకి ఆనిస్తే ఆ చోటు నల్లబడుతుంది. చుక్క ఎక్కువైతే మాత్రం ఎముక ఎదుగూ బొదుగూ లేకుండా ఆగిపోతుంది. దీనికే అవార్డు వస్తుందని ఆయన కలలు, అది వేరే గోల!

ఆ మధ్యాహ్నం బడి లేదని మా చిన్నదాన్ని ఆయన గదిలో కూర్చోబెట్టి డార్క్‌రూమ్‌లోకి వెళ్ళాను. తలుపు వేస్తే పట్టపగలే చిమ్మచీకటి. మూలన ఎర్రబల్బు. మందునీళ్ళ పుల్లటి వాసన. కుళాయి టప్... టప్‌మంటోంది. ఆయన ఇచ్చిన ఫిల్ము ట్రేలో వేసి మెల్లగా ఊపాను.

కోడిపిల్ల కాలు రావాలి కదా? వేళ్ళు వచ్చాయి... పసిచెయ్యి. ప్రతి కణుపు దగ్గరా నల్లటి గీత. చిటికెనవేలు లోపలికి వంకర.

ఓరి దేవుడా... మా పెద్దదాని చెయ్యి!

పెద్దది పోయి ఏడాది దాటింది. ఉన్నట్టుండి ఎదుగుదల ఆగి, ముట్టుకుంటే విరిగే ఎముకలతో మంచాన పడి పోయింది నా తల్లి. డాక్టర్లు చేతులెత్తేశారు. రోజూ పాలల్లో "బలానికి" అంటూ చుక్కలు వేసి తాగించింది ఆయనే. ఎంత మంచి తండ్రో అని మురిసిపోయాను నేను! నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయట. తడిగుడ్డతో గొంతు కోశాడు... కన్నబిడ్డది.

ఫిల్ము తీద్దామని ట్రేలో చెయ్యి పెట్టాను. చల్లటి వేళ్ళు నా వేళ్ళని పట్టుకున్నాయి.

"అమ్మా..." చెవి పక్కనే గుసగుస. "చెల్లి పాలల్లో వేస్తున్నాడు."

వేళ్ళు వదిలేశాయి. తలుపు తోసుకుని పరిగెత్తాను. చిన్నది వరండాలో ఒక్కతే నిలబడి ఉంది. గుండెకు హత్తుకున్నాను.

"పాలు తాగావా? చెప్పవే... తాగావా?"

"లేదమ్మా. అక్క లాక్కుంది."

ఆయన గదికి లోపల గడియ వేసి ఉంది.

"నాన్నేడీ?"

"లోపలే. అక్క ఆ పాలు నాన్నకి పడుతోంది." నా చెవిలో మెల్లగా చెప్పింది. "ఎంత తాగినా గ్లాసు ఖాళీ అవ్వట్లేదమ్మా..."